కుక్కపిల్ల ఫైలు తెరిచి చూశారా?

ఫ్రాన్స్‌కు చెందిన యుబిసాఫ్ట్ కంపెనీ 2014లో ‘ది క్రూ’ అనే కారు పందేల గేమ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. ఆ రోజు నుంచి, డబ్బు పెట్టి కొన్నవాళ్ల దగ్గర డిస్కు ఉంది కానీ గేమ్ లేదు. ఒక్కరే ఆడుకుందామన్నా అవతల సర్వర్ పలికితేగానీ అది తెరుచుకోదు. దీనిపై ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పేరుతో ఒక ఉద్యమం మొదలైంది. యూరోపియన్ యూనియన్‌లో పౌరులే ఒక చట్టం కావాలని నేరుగా అడిగే పద్ధతి ఉంది. అందుకు పది లక్షల సంతకాలు కావాలి. 2025 జూలై 31న గడువు ముగిసేసరికి సంతకాలు 14 లక్షలు దాటాయి.

నేను ప్లేస్‌మెంట్ కోసం చూస్తుంటే ఈ గేముల గొడవ నాకెందుకు అంటారా? ఒక్క నిమిషం ఆగండి. ఇదే యుబిసాఫ్ట్ చేతిలోకి వచ్చిన ఇంకో పాత సరుకు ఉంది. దాని పేరు ‘పెట్జ్’. కంప్యూటర్ తెర మీద తిరిగే కుక్కపిల్లలు, పిల్లిపిల్లలు. శాన్ ఫ్రాన్సిస్కోలోని పీఎఫ్ మ్యాజిక్ అనే చిన్న కంపెనీ 1995లో ‘డాగ్జ్’, 1996లో ‘క్యాట్జ్’ విడుదల చేసింది. తర్వాత కంపెనీ చేతులు మారింది. ఒకరి నుంచి ఇంకొకరికి పోయి, చివరికి యుబిసాఫ్ట్ దగ్గరికి చేరింది. 2002లో ‘పెట్జ్ 5’ వచ్చింది. డెస్క్‌టాప్ మీద తిరిగే ఆ పాత తరహా జంతువుల వరస దాంతో ఆగిపోయింది.

కంపెనీ వదిలేసినా ఆ కుక్కపిల్లలు మాత్రం పోలేదు. ఇప్పటి విండోస్ మీద కూడా కొద్దిపాటి సర్దుబాట్లతో నడుస్తున్నాయి. అంతేకాదు, కంపెనీ ఎప్పుడూ తయారుచేయని జాతులు, రంగులు, చెవులు, తోకలతో కొత్తవి పుడుతూనే ఉన్నాయి. పదేళ్లు కూడా నిండని కారు గేమ్ చచ్చిపోయింది, పాతికేళ్లు దాటిన కుక్కపిల్ల బతికే ఉంది. తేడా ఎక్కడుంది? కుక్కపిల్లకు కావలసిన డేటా మొత్తం కొన్నవాడి హార్డ్ డిస్కులో, తెరవగలిగే ఫైళ్లలో ఉంది. అంతే.

ఆ ఫైల్లో ఏముంది?

పెట్జ్ ఫోల్డర్లో ఒక్కో జాతికి ఒక్కో ఫైలు ఉంటుంది. కుక్కలైతే ‘డాగ్’ అనీ, పిల్లులైతే ‘క్యాట్’ అనీ ఎక్స్‌టెన్షన్. పేరు ముద్దుగా ఉన్నా అది నిజానికి విండోస్ డీఎల్‌ఎల్ ఫైలు. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి రెండు బైట్లు 4డి, 5ఏ కనిపిస్తాయి. అక్షరాల్లో చూస్తే ‘ఎంజెడ్’. విండోస్‌లో ప్రతి ఎక్స్‌ఈ, ప్రతి డీఎల్‌ఎల్ ఇలాగే మొదలవుతుంది. కావాలంటే మీ ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ ప్రోగ్రాం ఫైలునే తెరిచి చూడండి. వైరస్‌లను పరిశీలించే మాల్‌వేర్ అనలిస్టు పొద్దున్నే ఆఫీసుకెళ్లి చూసే మొదటి రెండు అక్షరాలు తరచూ ఇవే.

ఇంకొంచెం కిందికి వెళ్తే, అర్థం కాని గుర్తుల మధ్య హఠాత్తుగా మామూలు టెక్స్ట్ కనిపిస్తుంది. వరసలు వరసలుగా అంకెలు. దీన్ని ఎల్‌ఎన్‌జెడ్ అంటారు. ఆ కుక్క ఎలా కనిపించాలో చెప్పే జాతకం అదే. అప్పటి ఇళ్లలోని కంప్యూటర్లకు 3డీ కార్డులు ఉండేవి కావు. అందుకని పీఎఫ్ మ్యాజిక్ ఒక ఉపాయం పన్నింది. జంతువును బొమ్మగా గీయలేదు, బంతులుగా పేర్చింది. ముక్కు ఒక బంతి, గడ్డం ఒక బంతి, తోక కొన్ని బంతులు. ఒక్కో జంతువుకు అరవైకి పైగా. వాటి మధ్య గీతలు లాగి, లోపల రంగు నింపితే కుక్క. 1994లో ఇదే కంపెనీ ‘బాల్జ్’ పేరుతో బంతులతో చేసిన పాత్రలు కొట్టుకునే గేమ్ ఒకటి తెచ్చింది. ఆ పద్ధతే కుక్కలకు పనికొచ్చింది.

ఎల్‌ఎన్‌జెడ్‌లో ఒక్కో వరసకు ఒక్కో బంతి. దాని రంగు నంబరు, చుట్టూ గీత ఎలా ఉండాలి, బొచ్చు ఎంత, సైజులో తేడా ఎంత, ఇవన్నీ అంకెలే. ఏ నంబరు బంతి ఎడమ చెవో, ఏది వెనక కాలి మడమో ఫైల్లో చూస్తే తెలిసేది కాదు. ఒక అంకె మార్చడం, ప్రోగ్రాం తెరవడం, కుక్కలో ఏం మారిందో చూడటం, కాగితం మీద రాసుకోవడం. ఇలా పటాలు తయారుచేసుకున్నారు. చేసినవాళ్లలో చాలామంది అప్పట్లో హైస్కూలు వయసు అమ్మాయిలు. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘హెక్సింగ్’. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లు కాదు, కుక్కపిల్లకు నీలం చెవులు కావాలనుకున్నవాళ్లు.

అంకె మార్చడం సులువే అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. రంగు నంబరు 35ను 45 చేస్తే ఏ గొడవా లేదు, రెండు అక్షరాల చోట రెండు అక్షరాలు. అదే 105 చేయాలంటే? ఒక అక్షరం ఎక్కువైంది. మధ్యలో ఒక బైటు దూర్చితే దాని తర్వాత ఉన్నవన్నీ ఒక అడుగు పక్కకు జరుగుతాయి. ఫైల్లో ఒక పట్టిక ఉంటుంది. ఫలానా శబ్దం ఫలానా బైటు దగ్గర మొదలు, ఇంత పొడవు, అని. ఆ పట్టికకు మీరు జరిపిన సంగతి తెలియదు. పరీక్ష హాల్లో బెంచీల మీద హాల్‌టికెట్ నంబర్లు అంటించాక, మధ్యలో ఒకణ్ని కొత్తగా కూర్చోబెట్టి అందర్నీ ఒక్కో సీటు జరపమంటే ఏమవుతుందో అదే అవుతుంది. ప్రోగ్రాం అరవడానికి బదులు చెవిని వెతుకుతుంది, కుప్పకూలుతుంది.

అందుకని వాళ్లు నియమం పెట్టుకున్నారు. ఫైలు పొడవు ఒక్క బైటు కూడా మారకూడదు. ఒక అక్షరం పెరిగితే ఆ వరసలోనే ఎక్కడో ఒక ఖాళీ తీసేయాలి. కొత్త జాతికి పేరు పెట్టినా, దేన్నుంచి తయారుచేశారో ఆ పాత ఫైలు పేరుకు ఎన్ని అక్షరాలో అన్నే ఉండాలి. ఆ తర్వాత ఇంకో సంగతి బయటపడింది. ప్రతి జాతికీ లోపల ఒక గుర్తింపు నంబరు ఉంది. పాత ఫైలును కాపీ చేసి రంగులు మార్చి, ఆ నంబరు మార్చడం మర్చిపోతే ఒకే నంబరుతో రెండు జాతులు తయారై ప్రోగ్రాం గందరగోళపడుతుంది. డీబీఎంఎస్ పరీక్షలో ప్రైమరీ కీ గురించి ఐదు మార్కులకు రాస్తాం కదా, అదే ఇది.

మీరు పెంచుకున్న కుక్క మళ్లీ వేరే ఫైల్లో ఉంటుంది. అది తన జాతి ఫైలు మీద ఆధారపడి ఉంటుంది. జాతి ఫైలు తీసేస్తే కుక్క బయటికి రాదు. రెండు రకాలను జత కలిపితే పిల్లల్లో ఇద్దరి లక్షణాలూ వస్తాయి కాబట్టి, ఒక ఫైల్లో చేసిన తప్పు తరతరాలకూ పాకేది. డిపెండెన్సీ అనే మాట మనం ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో వింటాం. వాళ్లకు అది కుక్కపిల్ల కనపడకుండా పోయినప్పుడు అర్థమైంది.

చివరికి ఈ లెక్కలన్నీ తనే చూసుకునే ప్రోగ్రాంను కూడా అభిమానులే రాశారు. టెక్స్ట్ పొడవు మారితే పట్టికను అదే సరిచేస్తుంది. దాంతో బైటు బైటుకూ లెక్క చూసుకునే రోజులు పోయాయి. నా మాట అడిగితే, మొదట కొన్నాళ్లు చేత్తో తంటాలు పడినవాడికే ఆ పనిముట్టు ఏం చేస్తోందో తెలుస్తుంది.

ఇది ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

నేరుగా చెప్తాను. మన కాలేజీల్లో ప్రాజెక్టు అంటే ఎప్పుడూ కొత్తగా కట్టడమే. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అటెండెన్స్ యాప్, ఇప్పుడైతే చాట్‌బాట్. ఉద్యోగంలో చేరాక మొదటి ఏడాది మీకు కొత్తగా కట్టమని ఎవరూ ఇవ్వరు. ఎవరో రాసి వెళ్లిపోయిన దాన్ని, డాక్యుమెంటేషన్ లేని దాన్ని చేతిలో పెట్టి ‘ఇది ఎందుకు ఆగింది చూడు’ అంటారు.

నా మొదటి ఉద్యోగంలో రెండో వారం ఇదే జరిగింది. ఒక పాత బిల్లింగ్ వ్యవస్థ నుంచి రోజూ రాత్రి ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో కామాలు ఉండవు. వివరానికి 30 బైట్లు, మొత్తానికి 10 బైట్లు, ఇలా గడులు కట్టి ఉంటాయి. ఒక రోజు కొన్ని బిల్లుల మొత్తాలు పదో వంతుకో, వందో వంతుకో పడిపోయాయి. రెండు రోజులు కోడ్ అంతా వెతికాను. కోడ్‌లో ఏమీ లేదు. ఎవరో వివరాల గడిలో ‘రూ.’ అని రాసే బదులు రూపాయి గుర్తు పెట్టారు. చూడటానికి అది ఒక్క అక్షరమే, యూటీఎఫ్-8లో మాత్రం 3 బైట్లు. పంపేవాళ్లు అక్షరాలు లెక్కపెడుతున్నారు, తీసుకునేవాళ్లు బైట్లు లెక్కపెడుతున్నారు. అక్కడి నుంచి వరస మొత్తం రెండు బైట్లు జరిగింది. చివరికి హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే పది నిమిషాల్లో దొరికింది. తెలుగు పేర్లు నిల్వచేసే ఏ వ్యవస్థలోనైనా ఈ గోతి ఉంటుంది. ‘కృ’ చూడటానికి ఒక అక్షరం, లోపల 6 బైట్లు. కుక్క చెవి రంగును 35 నుంచి 105కి మార్చి ప్రోగ్రాంను ఒకసారి పడగొట్టుకున్న పిల్లకు ఈ తప్పు రెండు రోజులు పట్టేది కాదు.

ఇంకో ఉదాహరణ అందరికీ తెలిసిన టామగాచీది. జపాన్‌కు చెందిన బందాయ్ 1996 నవంబరులో తెచ్చిన గుడ్డు ఆకారపు బొమ్మ. దాని తర్వాతి తరాలను నటాలీ సిల్వనోవిచ్ అనే సెక్యూరిటీ ఇంజినీరు విప్పి చూసింది. లోపల ఏ చిప్పు ఉందో, అది 6502 రకం ప్రాసెసర్ అని ఎలా తేలిందో 2012 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో వివరించింది. బొమ్మకు తగిలించే చిన్న ప్లాస్టిక్ ఫిగర్‌లోనూ మెమరీ ఉంటుంది. ఆ ఫిగర్ ఇచ్చే డేటాను బొమ్మ సరిగా తనిఖీ చేయదు. ఆ దారిలోనే తను రాసిన కోడ్‌ను లోపలికి పంపి, మొత్తం ప్రోగ్రాంను బయటికి తీసింది. తర్వాత ఆమె గూగుల్ ‘ప్రాజెక్ట్ జీరో’ బృందంలో పనిచేసింది. ఫోన్లలో వాడే మెసేజింగ్, వీడియో కాల్ యాప్‌లలో ప్రమాదకరమైన లోపాలను బయటపెట్టి పేరు తెచ్చుకుంది. టామగాచీ విప్పితే గూగుల్‌లో ఉద్యోగం వస్తుందని నేను అనడం లేదు, ఆమె అప్పటికే ఆ రంగంలో ఉంది. కానీ రెండు చోట్లా చేసే పని ఒకటే. బయటి నుంచి వచ్చిన డేటాను ఈ ప్రోగ్రాం ఎంత గుడ్డిగా నమ్ముతోంది అని అడగడం.

‘ఇదంతా ఏఐ చేసిపెడుతుంది కదా’ అనే మాట ఈ మధ్య సెమినార్లకు వెళ్లినప్పుడల్లా వింటున్నాను. కొంత నిజమే. పీఎన్‌జీ, జిప్ లాంటి తెలిసిన ఫార్మాట్ అయితే బ్రహ్మాండంగా చెప్తుంది. ఎవరికీ తెలియని పాత ఫైలు ఇస్తే మాత్రం అంతే ధీమాగా లేని గడులను ఉన్నట్టు చెప్తుంది. నిజమో కాదో తేల్చేది ఒక్కటే, ఒక బైటు మార్చి ఏం జరిగిందో చూడటం. ఆ ప్రయోగం ఎలా చేయాలో తెలిసినవాడికి ఏఐ మంచి సహాయకుడు. తెలియనివాడికి తప్పును ఇంకా త్వరగా చేసిపెట్టే సహాయకుడు.

చట్టం ఏమంటోంది?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 ఉంది. ఉల్లంఘన కిందికి రాని పనుల జాబితా అది. అందులో 52(1)లోని ‘ఏఏ’ నుంచి ‘ఏడీ’ వరకు ఉన్న క్లాజులు కంప్యూటర్ ప్రోగ్రాంల గురించే. చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో గమనించడం, పరీక్షించడం, దాని వెనకున్న సూత్రాలను తెలుసుకోవడం తప్పు కాదు. వ్యాపారం కోసం కాకుండా సొంత వాడకానికి మార్పులు చేసుకోవడానికీ చోటుంది. అంటే మీరు కొన్న కుక్కపిల్లకు మీ కంప్యూటర్లో మీరు నీలం చెవులు పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందంలో మార్పులు చేయొద్దని ఉంటే అది వేరే పేచీ. కంపెనీ బొమ్మలు, శబ్దాలు ఉన్న ఫైలును నలుగురికీ పంచడం కూడా సొంత వాడకం కిందికి రాదు.

2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ ఇంకో గీత గీసింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాన్ని పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇక సర్వర్ జోలికి వెళ్తే కథే మారిపోతుంది. అవతలివాళ్ల కంప్యూటర్లోని డేటాను అనుమతి లేకుండా మార్చితే ఐటీ చట్టం సెక్షన్ 43, 66 వర్తిస్తాయి. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఆన్‌లైన్ గేముల్లో నాణేలు పెంచుకునే ‘ట్రిక్’ చూపించి దాన్నే రెజ్యూమెలో ప్రాజెక్టుగా రాయాలనుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. మీ డిస్కు వేరు, వాళ్ల సర్వర్ వేరు.

ఐరోపాలో నడుస్తున్న గొడవ సరిగ్గా ఈ గీత గురించే. ఒకప్పుడు డిస్కులో ఉన్నవన్నీ ఇప్పుడు సర్వర్ మీదికి ఎక్కిపోయాయి. కాబట్టి తెరిచి చూసే హక్కు కాగితం మీద ఉన్నా తెరవడానికి ఫైలే లేదు. సేవ ఆపేసేటప్పుడు గేమ్‌ను ఆడుకోగలిగే స్థితిలో వదిలివెళ్లాలని ఉద్యమకారులు అడుగుతున్నారు. ఖర్చు ఎక్కువని, ఆటగాళ్ల భద్రతకు ఎవరు పూచీ అని కంపెనీల సంఘం వాదిస్తోంది. వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. కార్ల బ్రాండ్లకు, పాటలకు తీసుకున్న అనుమతులు గడువు తీరిపోతాయి. కానీ కుదరనే కుదరదనడం నమ్మేలా లేదు. ‘ది క్రూ 2’కు ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలును 2025లో అదే యుబిసాఫ్ట్ ఇచ్చింది. చనిపోయిన మొదటి ‘ది క్రూ’ను సర్వర్‌ను అనుకరించే ప్రోగ్రాం రాసి అదే ఏడాది అభిమానులు మళ్లీ నడిపించారు. సంతకాలు సరిపోతే యూరోపియన్ కమిషన్ జవాబు ఇచ్చి తీరాలి. చట్టం చేసి తీరాలని మాత్రం లేదు. అమెరికాలో కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చిన్న అడుగు వేసింది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు మీరు కొంటున్నది వస్తువు కాదు, లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి.

యుబిసాఫ్ట్‌కు పుణె, ముంబైలలో స్టూడియోలు ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో ఉంది. సేవ ముగిసే రోజు కోసం ముందే ఏర్పాటు చేయాలనే నిబంధన వస్తే ఆ పని చేసేవాళ్లలో మన ఇంజినీర్లూ ఉంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

డబ్బు ఖర్చు అక్కర్లేదు. ముందు మీ రెజ్యూమెతోనే మొదలుపెట్టండి. మీ డాక్ఎక్స్ ఫైలును కాపీ చేసి హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి రెండు అక్షరాలు ‘పీకే’ అని ఉంటాయి. అంటే అది జిప్ ఫైలు. ఎక్స్‌టెన్షన్‌ను జిప్‌గా మార్చి విప్పితే లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, వాటిలో మీ పేరు, మార్కులు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఏపీకే కూడా ఇదే జిప్.

తర్వాత పెంపుడు జంతువు. జపాన్ నుంచి వచ్చిన ‘షిమేజీ’ అని ఉచితంగా దొరికే బొమ్మ ఉంది. జావాలో రాశారు. తెర అంచులు ఎక్కుతుంది, కిటికీల మీద నుంచి దూకుతుంది. దాని ఫోల్డర్లో బొమ్మలన్నీ విడి పీఎన్‌జీ ఫైళ్లు. ఎలా కదలాలో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో, ఏ పని ఎంత తరచుగా చేయాలో ఇంకో ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. రెండో దాంట్లో ఒక్కో ప్రవర్తనకు ‘ఫ్రీక్వెన్సీ’ అని ఒక అంకె ఉంది. గోడ ఎక్కే పని అంకెను పెంచండి. ఎక్కుతూనే ఉంటుంది. సున్నా చేస్తే? ట్యాగు మూయకుండా వదిలేస్తే? ముందే ఊహించి రాసుకుని, తర్వాత నడిపి చూడండి. మీ ఊహ ఎక్కడ తప్పిందో అదే రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ సంగతి. ‘ఏం కట్టావు’ అనే ప్రశ్నకు మీ క్లాసులో అరవై మంది దగ్గరా ఒకే జవాబు ఉంది. ‘ఏం పాడుచేశావు, ఎలా కనిపెట్టావు’ అంటే సొంత జవాబు ఉన్నవాళ్లు తక్కువ.

ఇది చేతికి అలవాటయ్యాక పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాయండి. ఫైలు ఇస్తే మొదటి నాలుగు బైట్లు చదివి అది పీఎన్‌జీనా, జిప్‌నా, ఎక్స్‌ఈనా చెప్పాలి. పీఎన్‌జీకి మొదటి బైటు 89, తర్వాతి మూడు ‘పీఎన్‌జీ’ అనే అక్షరాలే. ఇరవై లైన్లు కూడా పట్టదు. ఎక్స్‌టెన్షన్ మార్చేసిన ఫైళ్లు కొన్ని కలిపి పెట్టి మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో నడిపించండి.

ఇంకొక్క మాట. షిమేజీ ఫోల్డర్‌ను ముట్టుకునే ముందు మొత్తం కాపీ చేసి పక్కన పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, రెండుసార్లు మళ్లీ డౌన్‌లోడ్ చేశాను.